గేటు దగ్గర ఏడు నిమిషాలు

రైలు పది గంటల పదకొండు నిమిషాలకు వచ్చింది. దానికి ఎదురెళ్ళాల్సిన మనిషి పది యాభైకి వచ్చింది. మధ్యలో ముప్పై తొమ్మిది నిమిషాలు. ఆ సందులో ఒక ముసలి దర్జీ మాయమయ్యాడు.

ఆలస్యంగా వచ్చిన మనిషి లాయరు. లెక్కల మాస్టారికి మేనకోడలు. ఆయన పదకొండింటికి స్టేషన్లో అడుగుపెట్టేసరికి ఆమె నల్లకోటు చేతిమీద వేసుకుని ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. ఏడవడం లేదు. ఏడవడానికి సమయం లేదని ఆమెకు తెలుసు. అది ఆయనకు నచ్చింది.

మాస్టారు ముప్పై రెండేళ్ళు బడిలో కాలం, దూరం, వేగం లెక్కలు చెప్పాడు. రిటైరయ్యాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, పోయిన వస్తువులనూ పోయిన మనుషులనూ వెతికిపెట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత పోలీసుల కన్నా ముందు ఆయన తలుపు తట్టడం నేర్చుకున్నారు. పోలీసులకు అది గిట్టలేదు.

"మొదటినుంచీ చెప్పు. నిమిషాలతో సహా చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. ఒక పెద్దింటి ముసలమ్మను చూసుకునే నర్సు మీద వజ్రాల హారం కాజేసిందని కేసు. ఫిర్యాదు ఇచ్చింది ముసలమ్మ అల్లుడు. హారం పోయిన మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా నర్సు దర్జీ కొట్లో కూర్చుని యూనిఫాం బిగుతు చేయించుకుంటోంది. ఆ సంగతి దర్జీకి తప్ప ఎవరికీ తెలియదు. దర్జీ ఆ తర్వాత కొట్టు మూసేసి, రైలు దారిలో మూడు గంటల దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. లాయరు అక్కడిదాకా పోయి బతిమాలి ఒప్పించింది. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి సాక్షి బోను ఎక్కాలి. జడ్జి ఇచ్చిన ఆఖరి వాయిదా ఇది. దర్జీ రాకపోతే నర్సు జైలుకే. ఉద్యోగం ముందే పోయింది.

ముసలాయనకు సెల్‌ఫోను లేదు. పొద్దున్నే కూతురు ఆయన్ను మూడో పెట్టెలో కూర్చోబెట్టి, రైలు కదిలాక లాయరుకు ఫోన్ చేసి చెప్పింది. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

"ఆయన ఏ రైలుకి వస్తాడో ఎంతమందికి తెలుసు?" అన్నాడు మాస్టారు.

కోర్టు మొత్తానికీ తెలుసు. నిన్న జడ్జి అడిగితే ఆమే అందరి ముందూ చెప్పింది. పది గంటల ప్యాసింజరుకి వస్తాడని, తాను ఫోన్లో రైలు ఎక్కడుందో చూసుకుంటూ సరిగ్గా సమయానికి వెళ్ళి తీసుకొస్తానని.

"సెభాష్," అన్నాడు మాస్టారు. అది మెచ్చుకోలు కాదని ఆమెకు తెలుసు.

ఫోన్ తీసి చూపించింది. రైలుజాడ అని ఒక యాప్. ప్యాసింజరు బండి పేరు కొడితే అది ఏ స్టేషన్ దాటిందో, ఎంత ఆలస్యమో, ఎప్పుడు వస్తుందో చూపిస్తుంది. పటం మీద ఒక నీలం చుక్క కదులుతూ ఉంటుంది. ఈ చిన్న లైనులో ఆ చుక్కను కదిపేది రైల్వే వాళ్ళు కాదు. రైల్లో ఉన్న ప్రయాణికుడు ఎవరైనా 'నేను ఈ రైల్లో ఉన్నాను' అని నొక్కితే, అతని ఫోన్ ఎక్కడుంటే రైలు అక్కడున్నట్టు. దిగాక 'దిగిపోయాను' అని నొక్కాలి.

"నొక్కకపోతే?"

"ఇంకా రైల్లోనే ఉన్నామనుకుంటుంది మావయ్యా. పోయిన నెల నేనే మర్చిపోయా. సాయంత్రం దాకా రైలు మా వంటింట్లో ఉంది. జనం ఎంత తిట్టుకున్నారో."

మాస్టారు పెద్దగా నవ్వాడు. ప్లాట్‌ఫారం చివర నిద్రపోతున్న కుక్క లేచి చూసింది.

ఇవాళ పొద్దున ఆ చుక్క తొమ్మిది నలభైకి ఇటుకబట్టీల హాల్టు చేరింది. స్టేషనుకు పదహారు కిలోమీటర్ల దూరం. అక్కడే నిలబడిపోయింది. పదైనా కదల్లేదు. బండి నలభై నిమిషాలు ఆలస్యమని యాప్ రాసింది. ఆమె నిశ్చింతగా కోర్టులో ఇంకో కేసు చూసుకుంది. పది ఇరవైకి చుక్క కదిలింది. పది నలభైకి ఆమె కోర్టులోంచి బయల్దేరి, పది యాభైకి ఇక్కడికొచ్చి, పట్టాల వైపు చూస్తూ నిలబడింది. పది యాభై రెండుకి చుక్క స్టేషన్లోకి వచ్చేసింది. రైలు మాత్రం రాలేదు.

స్టేషను మాస్టరు గదిలోకి వెళ్ళారు. ఆయన రిజిస్టరు తెరిచి, వేలుతో గీత చూపించాడు. రాక 10.11. పోక 10.20.

"ఒక్క నిమిషం లేటు. ఆ నిమిషం కూడా నాది కాదు, వెనక స్టేషనువాడిది," అన్నాడు.

హాల్టులో బండి ఎంతసేపు ఆగిందని అడిగాడు మాస్టారు. ఎప్పటిలా ఒక్క నిమిషమే. దిగినవాళ్ళలో బక్కపల్చటి ముసలాయన, చేతిలో గుడ్డసంచి, ఎవరైనా కనబడ్డారా? తాను చూసేది జెండానూ సిగ్నలునూ, మొహాలు కాదన్నాడు స్టేషను మాస్టరు. తర్వాత లాయరు వైపు తిరిగి, మనసులో ఉన్నది బయటపెట్టాడు. ఒకప్పుడు రోజుకి నలభై మంది ఫోన్ చేసి బండి ఎక్కడుందని అడిగి ప్రాణం తీసేవాళ్ళట. ఇప్పుడు ఒక్కరూ చెయ్యరట.

"నువ్వొక్క ఫోన్ కొడితే చెప్పేవాణ్ణి కదమ్మా."

ఆమె తల దించుకుంది. మాస్టారు ఓదార్చలేదు. ఆ మాట నిజం.

పదకొండు పన్నెండుకి, లాయరు ఫోన్ చేసిన పావుగంటకు, పోలీసు జీపు వచ్చి ఆగింది. పోలీసు స్టేషను కూతవేటు దూరంలోనే ఉంది. అయినా ఇన్‌స్పెక్టరు జీపులోనే వచ్చాడు. దిగీదిగగానే ఆలస్యానికి కారణం చెప్పాడు. డ్రైవరు పొద్దున తొమ్మిదింటికి టైరు పంక్చరు వేయించుకొస్తానని వెళ్ళి, ఇప్పుడే వచ్చాడట. తర్వాత మాస్టారిని చూసి మొహం చిట్లించాడు.

ఆయన మాస్టారి దగ్గరే చదివాడు. ఎనిమిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో పదకొండు మార్కులు. నూటికి. మాస్టారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ ఎలా తెలిసిందో మరి.

"మాస్టారూ, ఇది బడి కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తెలుసు నాయనా. బడి అయితే నువ్వు వచ్చేవాడివి కాదు."

లాయరు మొహం పక్కకు తిప్పుకుంది. ఇన్‌స్పెక్టరు మీసం సర్దుకుని తన వాదన వినిపించాడు. ముసలాడు పది పదకొండుకి దిగాడు. ఎదురొచ్చేవాళ్ళు లేరు. కోర్టంటే భయం. ఏదో బస్సెక్కి చక్కా పోయాడు. దీనికి డిటెక్టివు అక్కర్లేదు.

అంతలో ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిన జీపు డ్రైవరు సిమెంటు బెంచీ దగ్గర నుంచి పిలిచాడు. బెంచీ మీద గుడ్డసంచి ఉంది. లోపల కత్తెర, సుద్దముక్క, సూదుల డబ్బా, చుట్టచుట్టిన కొలతల టేపు. లాయరు సంచి గుర్తుపట్టింది. దర్జీదే.

"చూశారా. ఇక్కడే దిగాడు. ఇక్కడే కూర్చున్నాడు. సంచి మర్చిపోయేంత కంగారుగా పారిపోయాడు. కేసు అయిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాస్టారు బెంచీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింద చూశాడు. స్టేషను ఊడ్చే ఆమెను పిలిచి, ఎన్నింటికి ఊడ్చిందని అడిగాడు. పదింటి బండి వెళ్ళగానే ఊడవడం, పదిన్నరకు నీళ్ళు కొట్టి కడగడం ఆమె పద్ధతి. బెంచీలు కూడా కడుగుతుంది. ఇవాళా కడిగింది. కావాలంటే వేలు పెట్టి చూసుకోమంది.

"అప్పుడు ఈ సంచి ఉందా?"

"ఉంటే నీళ్ళెలా కొడతానయ్యా? సంచి స్టేషను మాస్టరుగారికి అప్పజెప్పి, సంతకం పెట్టించుకుని మరీ కడుగుతా. పోయినసారి ఎవరిదో గొడుగు తడిసిందని నెల రోజులు సతాయించారు."

అంటే సంచి పదిన్నర తర్వాత వచ్చింది. దర్జీ పది పదకొండుకి దిగి ఉంటే, సంచి అరగంట ఎక్కడ తిరిగింది? ఇన్‌స్పెక్టరు ముసలాడే టీ తాగి వెనక్కి వచ్చి ఉంటాడన్నాడు. మాస్టారు సంచి తిరగేసి అడుగు చూపించాడు. అడుగున ఎర్రటి మెత్తని పొడి అంటుకుని ఉంది. గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపాడు.

"ఇది ఏంటో చెప్పు."

"దుమ్ము."

"పదకొండు మార్కుల జవాబు. ఇది ఇటుక పొడి. ఇక్కడ నేలంతా సిమెంటు. ఈ లైను మీద ఇటుక పొడి పరిచిన ప్లాట్‌ఫారం ఒక్కటే ఉంది. దర్జీ ఇటుకబట్టీల హాల్టులో దిగాడు. సంచి కింద పెట్టాడు. ఆయన ఊళ్ళోకి రానేలేదు. సంచి ఒక్కటే వచ్చింది. మనం ఊళ్ళో వెతుక్కుంటూ చావాలని ఎవడో తెచ్చి పెట్టాడు. మనిషి ఇంకా ఆ బట్టీల్లోనే ఉన్నాడు."

ఈ మాటలు ఆయన గట్టిగా, అందరూ వినేలా చెప్పాడు. ముప్పై రెండేళ్ళు వెనక బెంచీకి వినబడేలా మాట్లాడిన గొంతు. ఆ అలవాటు ఇంకో అరగంటలో ఆయన్ను ఎంత కంగారు పెట్టబోతోందో ఆయనకు అప్పుడు తెలియదు.

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. మాట కాదనలేడు, అవుననలేడు. మాస్టారి కన్నా ముందు దర్జీని పట్టుకొస్తే కనీసం పరువైనా దక్కుతుందని లెక్క వేసుకున్నట్టున్నాడు. డ్రైవరు వైపు తిరిగి, జీపు తీసుకుని హాల్టుకు పోయి ముసలాణ్ణి వెతికి తెమ్మని హుకుం జారీ చేశాడు. డ్రైవరు సెల్యూట్ కొట్టి పరుగెత్తాడు. పంక్చరుకి రెండు గంటలు తీసుకున్న మనిషికి ఆ చురుకు ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు. అప్పుడు పదకొండు నలభై.

మాస్టారు బెంచీ మీద కూర్చుని, మేనకోడలిని పొద్దున చుక్క నడిచిన దారి మొత్తం రాసివ్వమన్నాడు. యాప్‌లో అదంతా ఉంది. ఆమె కోర్టు కాగితం వెనక రాసింది.

9.40 నుంచి 10.20, హాల్టులో ఆగింది.
10.36 నుంచి 10.43, దారిలో ఆగింది.
10.52, స్టేషను.

ఆయన రెండో గీత దగ్గర ఆగిపోయాడు. దారిలో అంటే ఎక్కడ? ఆమె పటం పెద్దది చేసి చూపించింది. హాల్టు నుంచి పన్నెండు కిలోమీటర్లు, ఇక్కడికి నాలుగు. ఆయన ఆ ఫోన్ను స్టేషను మాస్టరు ముందు పెట్టి, ఇక్కడ సిగ్నలు ఏమైనా ఉందా, బండి ఆగే అవకాశం ఉందా అని అడిగాడు.

స్టేషను మాస్టరు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "సిగ్నలూ లేదు, గిగ్నలూ లేదు. అక్కడున్నది లెవెల్ క్రాసింగు. గేటు."

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, గేటు దగ్గర రైలు ఆగుతుందా?"

"ఆగదు. రైలు పోతుంటే మనం ఆగుతాం," అంది ఆమె. అంటూనే నోరు తెరిచింది.

"అదీ. నీ రైలు గేటు దగ్గర ఏడు నిమిషాలు ఆగింది. అంటే అది పట్టాల మీద లేదు. రోడ్డు మీద ఉంది. బండి వెళ్ళిపోయినా ఎవడో హాల్టులో కూర్చుని రైల్లో ఉన్నానని నొక్కి నిన్ను నలభై నిమిషాలు కోర్టులో కూర్చోబెట్టాడు. తర్వాత ఆ ఫోనూ ఈ సంచీ వేసుకుని రోడ్డు మీద వచ్చాడు. గేటు పడింది. ఆగాడు. అక్కడ వాణ్ణి చూసినవాడు ఒకడుంటాడు."

ఇన్‌స్పెక్టరుకు ఇది నచ్చలేదు గాని, వెనకపడటం అంతకన్నా నచ్చలేదు. తానూ వస్తానన్నాడు. జీపు లేదు. స్టేషను ముందు తాగునీళ్ళ డబ్బాలు దించుతున్న చిన్న ట్రక్కు ఒకటే దొరికింది. లాయరు ట్రక్కు డ్రైవరు పక్కన కూర్చుంది. మాస్టారూ ఇన్‌స్పెక్టరూ వెనక డబ్బాల మధ్య కూర్చున్నారు. రోడ్డు గతుకుల్లో డబ్బాలు ఒలికి, ఇన్‌స్పెక్టరు ఖాకీ ప్యాంటు మోకాలి దాకా తడిసింది. ఆయన ప్యాంటు అంచులు పిండుకున్నాడు. మాస్టారు రోడ్డు వైపు చూస్తున్నాడు గాని, ఆ చూపులో సంతోషం ఉంది.

గేటు చేరేసరికి పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు.

గేటుమాను తన గది ముందు తొట్టిలో మిరప మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. పోలీసును చూసి బెదరలేదు. రిజిస్టరు అడిగితే చేతులు తుడుచుకుని తెచ్చాడు. గూడ్సు బండికి గేటు మూసింది 10.36. తీసింది 10.43. చుక్కా రిజిస్టరూ నిమిషం తేడా లేకుండా కలిశాయి.

ఆ ఏడు నిమిషాలు గేటు దగ్గర ఎవరెవరు ఆగారని అడిగాడు మాస్టారు. రెండు సైకిళ్ళు, ఒక ట్రాక్టరు, ఒక జీపు అన్నాడు గేటుమాను. జీపు బాగా గుర్తుందట. హారను ఆపకుండా కొట్టాడు. దిగొచ్చి గేటు ఎత్తమన్నాడు.

"నేను పోలీసును, నన్నే ఆపుతావా అన్నాడండీ. రాష్ట్రాన్నేలే రాజొచ్చినా బండి పోయేదాకా గేటు లేవదన్నాను. చివరికి పోయి కూర్చున్నాడు."

"పోలీసా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ జీపేనండీ. ముందు అద్దం మీద మూలన పగులుంది కదా."

ఇన్‌స్పెక్టరు మెల్లగా వెళ్ళి గేటుమాను స్టూలు మీద కూర్చున్నాడు. పంక్చరు. రెండు గంటలు. సంచి ముందుగా చూసింది ఎవరు? దర్జీని తెమ్మని పంపింది ఎవరిని? ఆయన పెదవులు కదులుతున్నాయి. లెక్క సరిగ్గానే వస్తోంది.

మాస్టారికి మాత్రం తన తప్పే కనబడింది. దర్జీ బట్టీల్లో ఉన్నాడని ఆ డ్రైవరు చెవిలో ఊదింది తనే. ఇప్పుడు వాడు ముసలాణ్ణి అక్కడుంచడు. ఎక్కడికో తరలిస్తాడు. రెండు దాటేదాకా దాస్తే చాలు. ముసలాడు నోరు తెరుస్తాడనుకుంటే అంతకు మించి కూడా చేస్తాడు.

అప్పుడే ఇన్‌స్పెక్టరు ఫోన్ మోగింది. డ్రైవరు. హాల్టు అంతా గాలించాననీ, ముసలాడి జాడ లేదనీ, ఇంకాస్త ముందుకు పోయి చూస్తాననీ చెబుతున్నాడు. ఇన్‌స్పెక్టరు మెడ మీద నరం ఉబ్బింది. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు.

"సరే. నిదానంగా వెతికి రా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు మామూలుగానే ఉంది. ఆ ఒక్క వాక్యానికి మాస్టారు మనసులో ఆయనకు ఇంకో పాతిక మార్కులు వేశాడు.

"మావయ్యా, ఇటు చూడు."

లాయరు యాప్ తెరిచింది. పొద్దున పది యాభై రెండుకే ప్రయాణం ముగించుకున్న ప్యాసింజరు మళ్ళీ బయల్దేరింది. రెండున్నర గంటల ఆలస్యంతో నడుస్తోందని యాప్ చెబుతోంది. నీలం చుక్క ఇటుకబట్టీల హాల్టు వదిలి గేటు వైపు వస్తోంది. పన్నెండు గంటల పన్నెండు నిమిషాలు.

"వాడు దిగిపోయానని నొక్కలేదు," అంది ఆమె. "నాలాగే."

బట్టీల నుంచి రోడ్డు ఒక్కటే. అటు చివర నది. ఇటు ఈ గేటు. గేటు దాటితే అరకిలోమీటరులో పెద్ద రోడ్డు, దాని మీదికెక్కితే నాలుగు దిక్కులూ వాడివే. ఇన్‌స్పెక్టరు రోడ్డుకు అడ్డంగా నిలబడతానన్నాడు. నీళ్ళ ట్రక్కు అడ్డం పెట్టిద్దామన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. రోడ్డు తిన్నగా ఉంది. ఖాకీ బట్టలు గాని, అడ్డం పెట్టిన బండి గాని వాడు అంత దూరాన్నుంచే చూస్తాడు. వెనక్కి తిరుగుతాడు. అక్కడ నలభై బట్టీలున్నాయి, వాటిలో సగం పాడుబడ్డవి. ముసలాణ్ణి మళ్ళీ వెతకడం రెండింటిలోపు అయ్యే పని కాదు.

"వాడు అనుమానం లేకుండా వచ్చి, తనంతట తాను ఆగాలి. మూసిన గేటును ఎవడూ అనుమానించడు. నాయనా, గేటు దించు."

గేటుమాను చేతులు కట్టుకున్నాడు. "బండి లేకుండా గేటు దించను సార్. పొద్దున ఆ జీపుకు ఏం చెప్పానో మీకూ అదే. స్టేషను నుంచి ఫోన్ రావాలి. నంబరు చెప్పాలి. రాసుకోవాలి. అప్పుడు దించాలి."

ఇన్‌స్పెక్టరు బెదిరించాడు. లాయరు బతిమాలింది. ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పొద్దున నర్సును కాపాడిన మొండితనమే ఇప్పుడు ఆమె పీకకు చుట్టుకుంది. మాస్టారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. రూలు తప్పని మనుషులు ఆయనకు ఇష్టం. అలాంటివాళ్ళతో లెక్క కుదురుతుంది.

"తర్వాతి బండి ఎప్పుడు?"

మధ్యాహ్నం ప్యాసింజరు స్టేషన్లో పన్నెండు ఇరవై ఐదుకి బయల్దేరుతుంది. దానికి ఒక నిమిషం ముందు ఇక్కడికి ఫోన్ వస్తుంది. లాయరు యాప్‌లో చూసింది. ఆ బండి ఇరవై నిమిషాలు ఆలస్యమని ఉంది. ఆమె మొహం పాలిపోయింది. గేటుమాను ఆ ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు.

మాస్టారు రిజిస్టరు మీద వేలుతో లెక్క కట్టాడు. పొద్దున అదే జీపు, అదే రోడ్డు, హాల్టు నుంచి గేటుకు పదహారు నిమిషాలు. ఇప్పుడు పన్నెండు పన్నెండుకి బయల్దేరింది. పన్నెండు ఇరవై ఎనిమిదికి ఇక్కడుంటుంది. ఇరవై నాలుగుకి ఫోన్ మోగితే నాలుగు నిమిషాలు మిగులుతాయి. యాప్ చెప్పిందే నిజమైతే జీపు దర్జాగా దాటిపోతుంది.

నీళ్ళ ట్రక్కును గది వెనక్కి పెట్టించి, అందరూ గదిలో కూర్చున్నారు. గోడ మీద గడియారం. బల్ల మీద నల్లటి పాత ఫోన్.

పన్నెండు ఇరవై నాలుగు. ఫోన్ మోగలేదు.

ఇరవై ఐదు. చుక్క రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇన్‌స్పెక్టరు ఫోన్ రిసీవరు సరిగ్గా పెట్టి ఉందో లేదో వంగి చూశాడు. గేటుమాను వేలితో ఆయన్ను దూరం జరగమన్నాడు.

ఇరవై ఆరు. ఫోన్ మోగింది.

గేటుమాను తొందరపడలేదు. కలం తీశాడు. అవతల స్టేషను మాస్టరు ఏదో గొణుగుతున్నాడు. గార్డు కళ్ళద్దాలు మర్చిపోయి వెనక్కి వెళ్ళాడట, రెండు నిమిషాలు లేటట, ఆ రెండు నిమిషాలు కూడా తనవి కాదట. గేటుమాను నంబరు రాసుకుని, ఎదుటివాడికి వినిపించి, మళ్ళీ సరిచూసుకుని, టోపీ పెట్టుకుని బయటికెళ్ళి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. గేటు కిర్రుమంటూ దిగింది. అది పూర్తిగా పడి తాళం పడేసరికి దూరాన రోడ్డు మీద దుమ్ము లేచింది.

లాయరు ఫోన్లో చుక్క మెల్లగా వచ్చి, గేటు గీత మీద ఆగింది.

"గేటు దగ్గర రైలు ఆగింది మావయ్యా," అంది గుసగుసగా.

బయట హారను. ఆపకుండా. గేటుమాను జీపు దగ్గరికి నడిచి, పొద్దున చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు. డ్రైవరు తల బయటపెట్టి తిట్టడం మొదలుపెట్టాడు. అతను ఆ పక్కకు తిరిగి ఉండగా ఇన్‌స్పెక్టరు ఈ పక్క తలుపు తీసి, తడిసిన ప్యాంటుతోనే లోపలికి ఎక్కి, తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"పంక్చరు బాగా వేశారా?" అన్నాడు.

డ్రైవరు హారను మీది చెయ్యి తీసేశాడు.

వెనక సీట్లో దర్జీ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద దెబ్బ లేదు. తనను ఎత్తుకుపోయారని ఆయనకు తెలియను కూడా తెలియదు. పొద్దున హాల్టులో పోలీసు బట్టల్లో ఈ డ్రైవరు పెట్టెలోకి వచ్చి, కోర్టువాళ్ళు జీపు పంపారని దించుకున్నాడట. కేసు సాయంత్రానికి మారిందన్నాడట. బట్టీ ఆఫీసు గదిలో మంచం వేసి, తినడానికి పెట్టారట. ఇప్పుడు ఇంకో చోటికి పోదామంటే ఎక్కాడట. ఇంత మర్యాద కోర్టువాళ్ళు ఎప్పుడు నేర్చుకున్నారా అని తనకూ ఆశ్చర్యంగానే ఉందట.

"గదిలో మీతో ఎవరున్నారు తాతగారూ?" అంది లాయరు.

"మొహానికి రుమాలు కట్టుకున్న బాబు ఒకడమ్మా. దుమ్మన్నాడు. కోటేసుకుని ఉన్నాడు. నాకు పేర్లు గుర్తుండవు, మొహాలూ గుర్తుండవు. కొలతలు మాత్రం మర్చిపోను. ఎడమ భుజం కుడి దానికన్నా ముప్పావు అంగుళం దిగువ. యాభై ఏళ్ళలో అలాంటి భుజానికి ఒక్కటే కోటు కుట్టాను. పోయినేడు, ఆ పెద్దింటి ముసలమ్మగారి అల్లుడికి. అదే కోటు. లోపల దూది వేసి సరిచేసింది నేనే."

పట్టాలు అదిరాయి. మధ్యాహ్నం ప్యాసింజరు గేటు దాటి వెళ్ళిపోయింది. యాప్‌లో అది ఇంకా స్టేషన్లోనే ఉంది.

లాయరు మాస్టారి మొహం చూసింది. నర్సును జైలుకు పంపాలని మూడు నెలలుగా రోజూ అదే కోటు వేసుకుని కోర్టుకు వస్తున్నాడు ఆ అల్లుడు. రెండింటికి మళ్ళీ వస్తాడు. ముందు వరసలో కూర్చుంటాడు. హారం ఎవరు తీశారో ఇక అడగనక్కర్లేదు.

"కోర్టుకి ఎంతసేపు?" అంది.

"ఇరవై నిమిషాలు. నలభై ఐనా సమయం ఉంది," అన్నాడు మాస్టారు.

గేటు లేచింది. ఇన్‌స్పెక్టరు డ్రైవరును పక్కకు జరిపి తానే స్టీరింగు పట్టుకున్నాడు. దర్జీ మాత్రం బయల్దేరనివ్వలేదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా సీటు కింద తడుముతున్నాడు. తన సంచి ఏదని అడిగాడు. పొద్దున ఆ డ్రైవరు జాగ్రత్త చేస్తానని తీసుకున్నాడట. లాయరు ట్రక్కులోంచి తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆయన కత్తెర ఉందో లేదో చూసుకున్నాడు. సూదుల డబ్బా చూసుకున్నాడు. చుట్టచుట్టిన టేపు తీసి, దులిపి, మెడలో వేసుకున్నాడు.

"పోనివ్వండి బాబూ," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "అక్కడ ఒక భుజం కొలవాలి."